తెరపై నగరం... నేలపై నాలా
అనుమతులకు వేగం వచ్చింది, పటాలకు పొందిక రాలేదు
మూడు వరదలు వరంగల్‌కు నేర్పుతున్న పాఠం

వరంగల్: ఐదేళ్ల వ్యవధిలో మూడు పర్యాయాలు వరంగల్ మహానగరంలోని కాలనీలు నీట మునిగాయి. 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జూలైలో మరొకసారి, 2025 అక్టోబరులో మొంథా తుపాను వేళ ఇంకొకసారి ఇళ్లలోకి నీరు చేరింది. సరిగ్గా ఇదే కాలంలో నగర పాలన కాగితాల కట్టల నుంచి కంప్యూటర్ తెర మీదికి మారింది. ఇంటి అనుమతి ఆన్‌లైన్‌లో వస్తోంది. ఆస్తిపన్ను ఆన్‌లైన్‌లో చెల్లిస్తున్నారు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కట్టడాల లెక్కలు తీస్తున్నారు. కూడళ్లలో కెమెరాలు వెలిశాయి. ఇన్ని కళ్లు తెరచుకున్న నగరానికి నాలా మీద లేచిన గోడ మాత్రం వరద వచ్చేదాకా ఎందుకు కనిపించడం లేదన్నదే నేడు జవాబు కావలసిన ప్రశ్న.

లోపం యంత్రానిది కాదు. యంత్రానికి ఏ పటం చూపుతున్నాం, ఏ ప్రశ్న అడుగుతున్నాం అన్నదానిలోనే చిక్కంతా ఉంది. అనుమతి ఇచ్చే కంప్యూటర్‌కు చెరువు హద్దు తెలియదు. చెరువు హద్దు తెలిసిన శాఖకు అనుమతి సంగతి తెలియదు. ఈ రెంటి నడుమ ప్లాటు కొన్న సామాన్యుడు నలిగిపోతున్నాడు.

చెరువుల గొలుసుపై పెరిగిన నగరం

వరంగల్, హన్మకొండ, కాజీపేట పట్టణాలు కలిసిపోయి ఏర్పడిన నగరమిది. కాకతీయుల నాటి నుంచి ఈ ప్రాంతం గొలుసుకట్టు చెరువులకు ప్రసిద్ధి. పైచెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీరు వాగుగానో కాల్వగానో సాగి కిందిచెరువును చేరుతుంది. అది నిండితే మరో చెరువుకు తరలుతుంది. వడ్డేపల్లి, భద్రకాళి, ధర్మసాగర్ వంటి పెద్ద చెరువుల పేర్లు అందరికీ తెలిసినవే. వాటి మధ్య నీటిని మోసుకుపోయే చిన్న కుంటలు, వాగులు, కాల్వల పేర్లు మాత్రం పాత తరం వారికే గుర్తు.

2013లో 42 గ్రామ పంచాయతీలను నగరంలో విలీనం చేశారు. 2015 జనవరిలో గ్రేటర్ హోదా లభించింది. సుమారు 407 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో, 66 డివిజన్లతో నేటి కార్పొరేషన్ విస్తరించి ఉంది. కార్పొరేషన్ చుట్టూ మరింత విశాలమైన ప్రాంతం కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ 'కుడా' పరిధిలో ఉంది. దాని విస్తీర్ణం 1,805 చదరపు కిలోమీటర్లు. నిన్నటి వరకు పంటపొలాలుగా ఉన్న నేలలు నేడు గజాల లెక్కన అమ్ముడవుతున్నాయి.

గ్రామాలు నగరంలో కలిసినప్పుడు రికార్డులు చేతులు మారాయి గానీ, ఒక జ్ఞానం మాత్రం చేతులు మారలేదు. పల్లెల్లో చెరువు తూము విప్పి ఆయకట్టుకు నీరు పంచే నీరటికాడు ఉండేవాడు. ఏ ఏటి వాన ఎంత దూరం ఎక్కింది, అలుగు నీరు ఎటు మళ్లుతుంది, ఏ ఒర్రె పైకి ఎండినట్టు కనబడినా శ్రావణంలో పారుతుంది అన్నది అతనికి కరతలామలకం. ఆయకట్టు ప్లాట్లుగా మారగానే అతని పని పోయింది. ఆ పనితోపాటు నీటిదారి లెక్క కూడా పోయింది. దాన్ని ఏ దస్త్రంలోనూ ఎవరూ నమోదు చేయలేదు.

గంటల్లో అనుమతి... ఎవరి పూచీపై?

ఇంటి అనుమతి కోసం ఒకప్పుడు ఎన్ని చెప్పులు అరిగేవో పట్టణవాసులకు చెప్పనక్కరలేదు. దస్త్రం ఒక బల్ల నుంచి మరో బల్లకు కదలడానికి నెలలు పట్టేది. ఆ బాధను తప్పించేందుకు 2020లో తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి టీఎస్ బీపాస్ విధానాన్ని తెచ్చింది. ఆ ఏడాది నవంబరులో వెబ్‌సైట్ ప్రారంభమైంది. 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు వరకు కట్టుకునే పేదలకు అనుమతితో పని లేకుండా, రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలునన్నారు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని నివాస గృహానికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి కల్పించారు. అంతకు మించిన కట్టడాలకు 21 రోజుల గడువు విధించారు. 2025లో ప్రభుత్వం హైదరాబాద్ నుంచి మొదలుపెట్టిన బిల్డ్ నౌ విధానం నక్షాల పరిశీలనను మరింత వేగంగా, నిమిషాల వ్యవధిలో ముగించడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది.

ఈ మార్పు మేలు చేసిందనడంలో సందేహం లేదు. చేయి తడిపితే గానీ కదలని దస్త్రాల కాలం కంటే ఇది నయమే. కాని తక్షణ అనుమతి అన్నది ఏ ఆధారంపై నిలబడిందో గమనించాలి. తన స్థలం చెరువులోనో, నాలాలోనో, ప్రభుత్వ భూమిలోనో లేదని దరఖాస్తుదారే ధ్రువీకరించాలి. కంప్యూటర్ ఆ మాటను నమ్ముతుంది. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత, ఎత్తు ఎంత అన్న లెక్కలను అది తప్పు లేకుండా సరిచూడగలదు. ఎందుకంటే అవన్నీ గీసిన నక్షాలోనే ఉంటాయి. ఆ నక్షా వాలిన నేల కింద నీరు పారిన ఆనవాలు ఉందా లేదా అన్నది మాత్రం నక్షాలో ఉండదు.

తర్వాత అధికారులు క్షేత్రస్థాయిలో తనిఖీ చేస్తారు. ధ్రువీకరణ తప్పని తేలితే ముందస్తు నోటీసు లేకుండానే కట్టడాన్ని తొలగించే అధికారం చట్టం ఇచ్చింది. అంటే నిజం తెలుసుకునే భారం పౌరుడిది, తప్పయితే శిక్ష కూడా పౌరుడిదే. భారం అతనిపై మోపినప్పుడు, నిజం తెలుసుకునే సాధనం కూడా అతని చేతికి ఇవ్వాలన్నది సహజ న్యాయం. చెరువు హద్దును సర్వే నంబరు వారీగా చూసుకునే సులభమైన వీలు కల్పించకుండా 'చెరువులో లేదని రాసివ్వు' అనడం, కళ్లకు గంతలు కట్టి దారి చూసి నడవమన్నట్టే అవుతుంది.

పట్టా ఉంటుంది... ఇల్లు కట్టరాదు

ఈ చిక్కు ఎంత లోతైనదో తెలియాలంటే భూముల సంగతి కొంత చెప్పుకోవాలి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు వ్యాపించే చివరి గీతను ఎఫ్‌టీఎల్ అని వ్యవహరిస్తారు. ఆ గీత లోపల ఉన్నదంతా ప్రభుత్వ శిఖం భూమేనని చాలామంది పొరబడతారు. నిజానికి తెలంగాణలో అనేక చెరువుల ఎఫ్‌టీఎల్ పరిధిలో పట్టా భూములూ ఉన్నాయి. నీరు తగ్గాక రైతు అందులో పంట వేసుకునేవాడు. నీరు వచ్చినప్పుడు వదిలేసేవాడు. ఆ భూమిపై అతనికి హక్కు ఉంది. దానిలో ఇల్లు కట్టే వీలు మాత్రం లేదు.

ప్రభుత్వ భూమి అయితే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేర్చి అమ్మకాన్ని ఆపవచ్చు. పట్టా భూమిని అలా ఆపడం తేలిక కాదు. అది చేతులు మారుతుంది. ఎండాకాలంలో చదును చేసి, హద్దురాళ్లు పాతి, ప్లాట్లుగా కోసి అమ్ముతారు. కొన్నవాడి దగ్గర పట్టా నకలు ఉంటుంది, రిజిస్ట్రేషన్ పత్రం ఉంటుంది, కొన్ని సందర్భాల్లో బ్యాంకు రుణం కూడా ఉంటుంది. అన్నీ సక్రమమే. ఇల్లు మాత్రం అక్రమం.

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ ముడి వీడదనడానికి పాత నిదర్శనమే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో 'కార్డ్' పేరిట రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించారు. రోజుల తరబడి సాగే పని గంటల్లోకి వచ్చింది. దేశమంతా దాన్ని చూసి నేర్చుకుంది. కాని రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. ఆ భూమి ఎవరిదో, దేనికి పనికివస్తుందో చెప్పే బాధ్యత అతనిది కాదు. ఆనాడు దస్తావేజుకు వేగం వచ్చింది, నేడు ఇంటి అనుమతికి వేగం వచ్చింది. భూమి స్వభావాన్ని పలికే పటం మాత్రం రెండు సందర్భాల్లోనూ వెనుకబడిపోయింది.

అనుమతి పత్రం చివర ఉండే షరతులను కూడా చాలామంది చదవరు. ఈ అనుమతి వల్ల స్థలంపై యాజమాన్య హక్కు సంక్రమించదని అందులో రాసి ఉంటుంది. ప్రతి శాఖా తన వరకు తాను జాగ్రత్తపడింది. కొన్నవాడికి మాత్రం అన్ని శాఖల ముద్రలూ కలిసి ఒకే భరోసాగా కనిపిస్తాయి.

ఒక గీత... నాలుగు పటాలు

నగరంలో ఒక నాలా హద్దు తెలుసుకోవాలంటే ఎన్ని రికార్డులు చూడాలో లెక్కిస్తే సమస్య బోధపడుతుంది. గ్రామ నక్షా, సేత్వార్, టిప్పన్ వంటివి రెవెన్యూ, సర్వే శాఖల వద్ద ఉంటాయి. చెరువు ఎఫ్‌టీఎల్ నీటిపారుదల శాఖ తేల్చాలి. జోన్లు, రోడ్ల గీతలు 'కుడా' మాస్టర్ ప్లాన్‌లో ఉంటాయి. మురుగు కాల్వలు, కట్టడాలు కార్పొరేషన్ లెక్కల్లో ఉంటాయి. పైగా 2021 నుంచి నగరం హన్మకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల మధ్య పంపకమై ఉంది. నీటికి జిల్లా సరిహద్దు లేకపోయినా, దాని దారిని తేల్చే కలెక్టరేట్లు మాత్రం రెండు.

ఈ పటాలన్నింటినీ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆచరణలో అది అంత తేలిక కాదు. గ్రామ నక్షాలు నిజాం కాలంలో గొలుసులతో కొలిచి గీసినవి. కాలక్రమంలో కాగితం, బట్ట ముడుచుకుపోతాయి, గీతలు చెదురుతాయి. వాటిని ఉపగ్రహ చిత్రంతో జోడించాలంటే నేలపై చెక్కుచెదరని గుర్తులు కావాలి. ఊరి పొలిమేర రాయి, పాత బావి, మూడు గ్రామాల హద్దులు కలిసే చోటు వంటివి ఆనవాళ్లుగా తీసుకుని పటాన్ని సాగదీసి అతికిస్తారు. అనేక చోట్ల ఆ రాళ్లే కనిపించడం లేదు. దాంతో అతికిన పటం కొన్ని మీటర్లు అటూఇటూ కావడం సాధారణం.

కొన్ని మీటర్లే కదా అని తీసిపారేయడానికి లేదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలవాటికి కేవలం 2 మీటర్లు వదిలితే చాలు. కేంద్రం అమృత్ పథకం కింద పట్టణాలకు తయారు చేయించే మాస్టర్ ప్లాన్ పటాలకు 1:4000 కొలమానాన్ని నిర్దేశించింది. ఆ లెక్కన పటంపై ఒక మిల్లీమీటరు నేలపై 4 మీటర్లు. చిన్న నాలాకు వదలవలసిన 2 మీటర్లు పటంపై అర మిల్లీమీటరు. పెన్సిలు గీత మందం! అంటే గీత ఏ వైపు మందంగా పడిందన్న దానిపై ఒక ఇంటి గోడ భవితవ్యం ఆధారపడి ఉంది.

నగర స్థాయి ప్రణాళికకు సరిపోయే పటం, ఇంటి స్థాయి తీర్పుకు సరిపోదు. ఈ తేడాను గుర్తించకుండా మాస్టర్ ప్లాన్ పటాన్నే సర్వరోగ నివారిణిగా చూపడం పొరపాటు. ఆ ఇంటి స్థాయి సర్వేకు కేంద్రం ఇప్పుడు పూనుకుంది. 2025 ఫిబ్రవరిలో ప్రారంభమైన 'నక్ష' కార్యక్రమం కింద దేశంలోని 152 పట్టణాల్లో ప్రయోగాత్మకంగా గగనతల సర్వే చేసి, ఒక్కొక్క ఆస్తి హద్దును నిర్ధారించాలని నిర్ణయించారు. పట్టణ భూములకు కచ్చితమైన రికార్డు లేని లోటును తీర్చే ప్రయత్నమిది. అయితే ఇలాంటి సర్వేలో ఇళ్ల హద్దులతోపాటు నీటి హద్దులను కూడా అంతే శ్రద్ధగా కొలిస్తేనే ప్రయోజనం. నేటి ఆక్రమణను యథాతథంగా ఫొటో తీసి రికార్డు చేస్తే, అది రేపు ఆక్రమణదారుకే సాక్ష్యంగా ఉపయోగపడుతుంది.

పన్నుకు కనిపించేది వరదకు కనిపించదా?

సాంకేతికత చేతిలో లేదన్న సాకుకు ఇక తావు లేదు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం దశాబ్దాలుగా ఉపగ్రహ చిత్రాలను సేకరిస్తోంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 నేలపై రెండున్నర మీటర్ల వస్తువును గుర్తించగలిగితే, 2019 నవంబరులో ప్రయోగించిన కార్టోశాట్-3 పావు మీటరు వస్తువును కూడా పసిగడుతుంది. ఇస్రో 2009లో ప్రారంభించిన 'భువన్' వేదికను తెలంగాణ పురపాలికల్లో ఆస్తిపన్ను మదింపునకు వాడుకున్నారు. లెక్కకు రాని గదులు, అదనపు అంతస్తులను గుర్తించి పన్ను పరిధిలోకి తేవడమే దాని ఉద్దేశం.

ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. పన్ను ఎగవేత అరికట్టవలసిందే. కాని పన్ను కోసం ఇంటిపై అంతస్తును లెక్కించిన కన్ను, అదే ఇల్లు నాలా నడుమ ఉన్నప్పుడు మూసుకుపోవడమే వింత. పన్ను వేసే విభాగం కట్టడం ఎంత ఉందని అడుగుతుంది, ఎక్కడ ఉందని అడగదు. ఫలితంగా నాలాపై ఉన్న ఇంటికీ పన్ను రసీదు వస్తుంది, నల్లా కనెక్షన్ వస్తుంది, కరెంటు మీటరు వస్తుంది. పదేళ్ల తర్వాత కూల్చివేతకు వెళ్లినప్పుడు అదే రసీదును ఇంటి యజమాని చూపుతాడు. ప్రభుత్వం ఒక చేత్తో పన్ను పుచ్చుకుని మరో చేత్తో యంత్రం తెచ్చిందని వాపోతాడు. ఆ మాటకు జవాబు చెప్పడం ఏ అధికారికైనా కష్టమే.

తెరపై వరద చూడటం వేరు, ఆపడం వేరు

2015 జూన్‌లో కేంద్రం స్మార్ట్ సిటీల పథకాన్ని ప్రకటించింది. 2016 మేలో వెలువడిన 13 నగరాల జాబితాలో వరంగల్‌కు చోటు దక్కింది. ఒక్కొక్క నగరానికి కేంద్రం 500 కోట్ల రూపాయల వరకు ఇవ్వడం, అంతే మొత్తాన్ని రాష్ట్రం, స్థానిక సంస్థ సమకూర్చడం పథకంలోని నియమం. 2025 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. ఎంపికైన 100 నగరాలన్నింటిలో కమాండ్ కంట్రోల్ కేంద్రాలు నెలకొన్నాయని కేంద్రం ప్రకటించింది.

కెమెరాలు, తెరలు అవసరమే. ఏ కూడలిలో నీరు నిలిచిందో గదిలో కూర్చుని చూడవచ్చు, సహాయక బృందాన్ని పంపవచ్చు. కాని కెమెరా చూపేది వచ్చిన వరదను. రాబోయే వరదను చెప్పాలంటే వర్షపాతం అంచనా, నేల వాలు, నాలా వెడల్పు, చెరువు నిండుదల అన్నీ ఒకే లెక్కలోకి రావాలి. ముంబయిలో 2020 జూన్‌లో ప్రారంభించిన ఐఫ్లోస్ వ్యవస్థ ఈ దిశగా చేసిన ప్రయత్నమే. వార్డుల వారీగా ఏ ప్రాంతం ఎంత మేర మునిగే ప్రమాదముందో ముందుగా అంచనా వేయడం దాని పని. సముద్రపు పోటు లేని వరంగల్‌కు లెక్క ఒకింత తేలిక. చెరువుల్లో ఎంత నీరుందో, అలుగు ఎప్పుడు పారుతుందో, ఆ నీరు ఏ బస్తీ మీదుగా వెళుతుందో తెలిస్తే చాలు. కొన్ని గంటల ముందు హెచ్చరిక అందితే ముసలివారిని, పిల్లలను మెరక ప్రాంతానికి చేర్చవచ్చు. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అయినా దక్కుతాయి.

2020 వరదల తర్వాత అప్పటి పురపాలక మంత్రి కె. తారకరామారావు నగరంలో పర్యటించి నాలాలపై ఆక్రమణలను తొలగించాలని ఆదేశించారు. 2023 జూలైలో మళ్లీ కాలనీలు మునగగా, నెలాఖరున భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2024లో నయీంనగర్ నాలాపై పాత వంతెనను తొలగించి కొత్తది నిర్మించే పని చేపట్టారు. ఆ ఏడాది చివర భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడికతీతకు పూనుకున్నారు. ఇవన్నీ అవసరమైన పనులే. కాని ఒక నాలాను వెడల్పు చేస్తుండగానే మరో వాగు ఒడ్డున కొత్త ప్లాట్లకు గీతలు పడితే, నగరం ఎప్పటికీ వరద వెనుకే పరుగెత్తవలసి ఉంటుంది.

మూల్యం చెల్లించేదెవరు?

ఈ వ్యవహారంలో నష్టపోయేది లేఅవుట్ వేసి అమ్ముకుని వెళ్లిపోయిన వ్యాపారి కాదు. పిల్ల పెళ్లికి దాచినదో, ఊళ్లో ఎకరం అమ్మినదో, పదవీ విరమణలో వచ్చినదో పెట్టి నూటయాభై గజాలు కొన్నవాడు. 2020 ఆగస్టులో ప్రభుత్వం అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించగా రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఎన్ని లక్షల కుటుంబాలు అనుమతి లేని లేఅవుట్లలో సొమ్ము పెట్టాయో ఆ సంఖ్యే చెబుతోంది. ఆ దరఖాస్తుల్లో చెరువులు, నాలాల పరిధిలోనివి ఏవో విడదీయడానికి అధికారులు ఏళ్ల తరబడి కుస్తీ పట్టవలసి వచ్చింది. ముందే పటం సిద్ధంగా ఉండి ఉంటే ఆ ప్లాట్లు పుట్టేవే కావు.

హైదరాబాద్‌లో 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా చెరువుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు ఇదే వాదన వినిపించింది. అనుమతి ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, రుణం ఉంది, మా తప్పేమిటని బాధితులు అడిగారు. చెరువు మిగలాలన్నదీ న్యాయమే, మోసపోయినవాడి గోడూ న్యాయమే. ఈ రెండు న్యాయాలు బుల్డోజరు ముందు ఎదురుపడకుండా చూడగలిగిన ఏకైక సాధనం, అమ్మకానికి ముందే అందరికీ కనిపించే నమ్మకమైన పటం.

చేయవలసినవి కొన్నే

పరిష్కారానికి కోట్ల కొద్దీ కొత్త పరికరాలు అక్కరలేదు. ఉన్నవాటిని కలపాలి, తెరచి చూపాలి.

మొదటిది, నగరంలోను, 'కుడా' పరిధిలోను ఉన్న ప్రతి చెరువు, కుంట, నాలా హద్దును రెవెన్యూ, నీటిపారుదల, పురపాలక అధికారులు ఉమ్మడిగా కొలిచి ఒకే పటంగా ఖరారు చేయాలి. కొలత మీద ఎంత తేడా ఉండవచ్చో పటంలోనే చెప్పాలి. గీతకు దగ్గరగా ఉన్న స్థలాలకు నేలపై కొలిచాకే తీర్పు ఇవ్వాలి.

రెండవది, సర్వే నంబరు కొట్టగానే ఆ స్థలం నీటి హద్దుకు ఎంత దూరంలో ఉందో తెలుగులో కనిపించే వీలు కల్పించాలి. కొనుగోలుదారు టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో చూసుకోగలగాలి.

మూడవది, ఆ పటాన్ని అనుమతి, రిజిస్ట్రేషన్, పన్ను వ్యవస్థలతో ముడిపెట్టాలి. నీటి హద్దులో ఉన్న స్థలానికి తక్షణ అనుమతి దానంతట అదే నిలిచిపోవాలి. పట్టా భూమి అయినందువల్ల రిజిస్ట్రేషన్ ఆపలేని చోట, ఇందులో కట్టడం నిషిద్ధమన్న మాట దస్తావేజు మొదటి పుటలోనే అచ్చు కావాలి.

నాలుగవది, 2020, 2023, 2025 వరదల్లో నీరు ఏ ఇంటి గోడపై ఎంత ఎత్తు నిలిచిందో ఇంకా జనానికి గుర్తుంది. ఆ మరకలు సున్నం కింద మరుగు పడకముందే వీధి వీధికీ తిరిగి కొలిచి నమోదు చేయాలి. విలీన గ్రామాల్లో మిగిలి ఉన్న నీరటికాళ్లను, పాత రైతులను వెంట తీసుకుని వాగుల దారిని నడిచి గుర్తించాలి. ఉపగ్రహం చూపలేనిది వారు చూపగలరు. ఎండిన ఒర్రె ఉపగ్రహానికి ఖాళీ జాగాగా కనిపిస్తుంది, వారికి నీటి దారిగా కనిపిస్తుంది.

ఐదవది, మాస్టర్ ప్లాన్‌లో చేసే ప్రతి మార్పును, ముఖ్యంగా భూ వినియోగ మార్పిడిని, డివిజన్ కార్యాలయంలో పటంతో సహా తెలుగులో ప్రదర్శించాలి. 1970ల నాటి ప్రణాళికతో దశాబ్దాలు నెట్టుకొచ్చిన నగరానికి 2041ని లక్ష్యంగా పెట్టుకుని కొత్త ప్రణాళిక రూపుదిద్దుకుంది. అది సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, అందుబాటులో లేకపోతే వ్యాపారికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఎటు రోడ్డు వస్తుందో, ఎక్కడ జోన్ మారుతుందో ముందుగా తెలుసుకునే తెలివి అతనికి ఎలాగూ ఉంది.

వీటిలో ఏదీ సాంకేతికంగా అసాధ్యం కాదు. అడ్డుపడేది శాఖల మధ్య గోడలు, పటం బయటపడితే పడిపోయే భూముల ధరలు. హద్దు తేలనంత కాలం లాభపడేవారు కొందరున్నారు. హద్దు తేలితే గుండె నిబ్బరంతో నిద్రపోయేవారు ఎందరో ఉన్నారు. పాలకులు ఎవరి పక్షమో తేల్చుకోవలసిన సమయమిది.

నీరు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోదు. తన పాత దారిని వెతుక్కుంటూ వస్తుంది. ఆ దారి ఎక్కడుందో వచ్చే వానాకాలానికి ముందే నగరం తన పటంలో రాసుకుంటే, వీధుల్లో పడవలు తిప్పే అవసరం తప్పుతుంది.